అరవై ఏడో పేజీలో పదో కోడు

గురువారం ఉదయం 8.50కి అమీర్‌పేటలో ఫౌజియా ఫోను దోశ పిండి బకెట్లో పడింది.

టిఫిన్ బండి మీద డబ్బులు కట్టే క్యూఆర్ బోర్డు పెనం అవతల, పిండి బకెట్ పైన వేలాడుతుంటుంది. ముందు ఇద్దరు నిలబడి తింటున్నారు. ఫౌజియా వాళ్ల మధ్య నుంచి చెయ్యి చాపి ఫోను బోర్డుకు ఎదురుగా పట్టింది. వెనక నుంచి ఒకతను "అన్నా, ఒక ప్లేట్ ఇడ్లీ" అంటూ ముందుకు తోసుకొచ్చాడు. ఫోను జారింది. చప్పుడు కాలేదు.

బండాయన గరిటె పెట్టి వెతికాడు. మొదటిసారి పిండి వచ్చింది. రెండోసారి ఫోను వచ్చింది.

"అరె భాయ్, నా ఫోను పోయింది," అంది ఫౌజియా.

"మీ ఫోను దొరికింది మేడం. పోయింది నా పిండి," అన్నాడు బండాయన.

ఇడ్లీ అడిగినతను బకెట్లోకి తొంగి చూసి, పిండి బాగానే ఉంది, దోశ పొయ్యమన్నాడు.

ఫౌజియాకు ముప్పై ఒకటి. శ్రీనగర్ కాలనీలో తల్లితో ఉంటుంది. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక గల్లీలో, మూడో అంతస్తులోని ఒక కోచింగ్ సెంటర్‌లో మూడేళ్లుగా సైబర్ సెక్యూరిటీ చెబుతోంది. పంజాగుట్టలోని ఒక కంపెనీకి నాలుగుసార్లు దరఖాస్తు పెట్టింది. నాలుగోసారి ఉద్యోగం వచ్చింది. తాళం పడిపోయిన ఖాతాలను అసలు మనిషికే తిరిగి అప్పగించే విభాగం అది. సోమవారం వచ్చిన ఆఫర్ మెయిల్లో ఒక బటన్ ఉంది. గురువారం మధ్యాహ్నం 12 లోపు ఆ బటన్ నొక్కాలి. నొక్కకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది.

ఆమె సోమవారమే నొక్కలేదు. కోచింగ్ సెంటర్ యజమాని విజయేందర్‌కు ముందు చెప్పాలనుకుంది. సోమ, మంగళ, బుధవారాల్లో మూడుసార్లు అతని గదిలోకి వెళ్లింది. మూడుసార్లూ టీ తాగి వచ్చింది.

9.05కి ఆమె ఫోన్లు బాగుచేసే కాశిఫ్ దుకాణంలో ఉంది. కాశిఫ్ ఫోనును రెండు వేళ్లతో పట్టుకుని వాసన చూశాడు.

"ఆపా, ఇది ఫోనా, ఊతప్పమా?"

"మజాక్ ఒద్దు కాశిఫ్. పన్నెండు లోపు కావాలె."

"పన్నెండు లోపు అయితే దోశ అయితది. ఫోను కావాలంటే సాయంత్రం ఆరు దాటాలె." వెనక మూత తీశాడు. లోపల కూడా పిండి ఉంది. "ఉప్పేసిన పిండి ఆపా. నీళ్లయితే ఇంత ఫికర్ లేకుండె."

సిమ్ తీసి, కడిగి, తన దగ్గరున్న బటన్ల ఫోన్లో వేసి ఇచ్చాడు.

ఫౌజియా మెయిల్‌కు రెండు తాళాలు. మొదటిది పాస్‌వర్డ్. రెండోది ఫోన్లోని యాప్ చూపించే ఆరు అంకెలు. అవి ముప్పై సెకన్లకోసారి మారతాయి. ఆ అంకెలు ఎస్సెమ్మెస్‌లో వచ్చే దారి కూడా ఒకప్పుడు ఉండేది. సిమ్ కార్డు మోసాల పాఠం చెప్పిన రోజు ఆమే దాన్ని తీసేసింది. కాబట్టి సిమ్ పనిచేసినా ఉపయోగం లేదు. ఫోను పోతే మిగిలే దారి బ్యాకప్ కోడ్లు. మొత్తం పది. ఒక్కొక్కటి ఎనిమిది అంకెలు. ఒక్కో కోడు ఒక్కసారే పనిచేస్తుంది.

ఆ కోడ్లు ఫౌజియా బ్యాగులో, లామినేషన్ చేయించిన కాగితం మీద ఉన్నాయి. ఆమె కంగారు పడలేదు. కాశిఫ్ దుకాణంలో నలభై నిమిషాలు కూర్చుంది. ఇంకో బండి దగ్గర దోశ తింది. 9.55కి తొమ్మిది గంటల క్లాసుకు వెళ్లింది.

"యాభై అయిదు నిమిషాలు లేటు మేడం," అన్నాడు మొదటి బెంచీలో అభిలాష్.

"ఫోను దోశ పిండిల పడ్డది."

నలభై ముగ్గురు విద్యార్థులు. నవ్వు ఆగడానికి కొంతసేపు పట్టింది. సాదానా, మసాలానా అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"నవ్వుండ్రి, మస్తుగ నవ్వుండ్రి," అంది ఫౌజియా. "ఫోను పోతే నెత్తి కొట్టుకునేటోళ్లుంటరు. నేను కొట్టుకుంటున్ననా? ఎందుకు కొట్టుకుంట లేను?"

"బ్యాకప్ కోడ్లు మేడం!"

"శభాష్. పుస్తకంల చదువుడు కాదు. ఇయ్యాల కండ్లతోని చూడుండ్రి."

ల్యాబ్ కంప్యూటర్‌ను ప్రొజెక్టర్‌కు కలిపింది. మెయిల్ పేజీ తెరిచి పాస్‌వర్డ్ కొట్టింది. ఆమె కొడుతుంటే మూడో బెంచీలో ఒకతను అక్షరాలు పైకి చదివాడు. ఆ పాస్‌వర్డ్ క్లాసు మొత్తానికి తెలుసు. రెండో అధ్యాయం రోజు ఆమే బోర్డు మీద రాసింది. "రాసుకోండ్రి. ఇది తెలిసినా మీరు లోపలికి రాలేరు. రెండో తాళం నా చేతిల ఉన్నది," అంది. అందరూ రాసుకున్నారు.

లామినేషన్ కాగితం ఎత్తి చూపించి, మొదటి కోడు కొట్టింది.

తెర మీద ఒక వాక్యం వచ్చింది: ఈ కోడు ఇంతకుముందే వాడారు.

"అట్లెట్లయితది?" అని రెండో కోడు కొట్టింది. అదే వాక్యం. మూడో కోడు. అదే. అయిదో కోడు దగ్గర క్లాసులో నవ్వు ఆగింది. ఏడో కోడు దగ్గర అభిలాష్ పుస్తకం మూసి దాని మీద మోచేయి పెట్టాడు. తొమ్మిదో కోడు తర్వాత తెర మీద వాక్యం మారింది: ఇంకొక్కసారి తప్పితే 24 గంటలు ఆగాలి.

పదో కోడు ఆ కాగితం మీద సగమే ఉంది. అంకెల పై సగాలు కనిపిస్తున్నాయి. కింది సగాలు లేవు. పది రోజుల కింద చేతికొచ్చినప్పుడే ఆమె అది చూసింది. తొమ్మిది చాలనుకుంది.

రెండో వరసలో దివ్యశ్రీ చెయ్యెత్తింది.

"మేడం, నాకు జరిగిన అన్యాయం గురించి చెప్పొచ్చా?"

"ఏం అన్యాయం?"

"ప్రాక్టికల్ తొమ్మిది మందికే అయింది మేడం. పదో నంబరు నాకొచ్చింది. నా బుక్కుల అది సగమే పడ్డది. అందరి బుక్కులల్ల సగమే ఉన్నది. మిగిలిన ముప్పై మూడు మందికి ఆ సగం సుత లేదు."

"ఏం ప్రాక్టికల్?"

దివ్యశ్రీ స్పైరల్ పుస్తకం ఎత్తి పట్టుకుంది. అది ఫౌజియా నోట్సు. బుధవారం సాయంత్రం కొత్తగా వచ్చింది. నలభై ముగ్గురూ కొన్నారు. 67వ పేజీలో, ఫౌజియా చేతిరాతలో, ఒకదాని కింద ఒకటి పది కోడ్లు ఉన్నాయి.

"మీరు రాకపోతే టైం వేస్ట్ ఎందుకని మేమే చేసినం మేడం," అన్నాడు అభిలాష్. "పాస్‌వర్డ్ ఎట్లాగు ఉన్నది. రోల్ నంబరు ప్రకారం ఒక్కొక్కరికి ఒక కోడు పంచుకున్నం. తొమ్మిది కంప్యూటర్లల్ల తొమ్మిది మంది లోపలికి పోయినం. అందరిది సక్సెస్."

"నాది తప్ప," అంది దివ్యశ్రీ.

ఫౌజియాకు ఒక ఆశ పుట్టింది. తొమ్మిది కంప్యూటర్లలో ఒక్కదాంట్లోనైనా ఆమె మెయిల్ తెరిచి ఉంటే చాలు. బటన్ నొక్కవచ్చు.

"లాగౌట్ కొట్టిన్రా?"

"కొట్టినం మేడం!" తొమ్మిది గొంతులు ఒకేసారి అన్నాయి.

"ఒక్కరన్నా మర్చిపోలేదా?"

"లాగౌట్ కొట్టకుండ లేస్తే పది మార్కులు కట్ అన్నరు గద మేడం."

"ఈ కంప్యూటర్‌ను గుర్తుపెట్టుకో అని ఒక టిక్కు ఉంటది..."

"అది సుత తీసేసినం. నాలుగో చాప్టరు."

ఫౌజియా కుర్చీలో కూర్చుంది. "మంచిగ చెప్పిన," అంది.

కొంచెంసేపటికి అడిగింది: "మెయిళ్లు చదివిన్రా?"

"తోబా మేడం. ప్రైవసీ చాప్టరు అయిపోయింది గద," అన్నాడు అభిలాష్. "సబ్జెక్టు లైను మాత్రం కనవడ్డది. పైననే ఉండె. తొమ్మిది మందికి ఒక్కటే లైను కనవడ్డది." లేచి నిలబడ్డాడు. "కంగ్రాట్స్ మేడం."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. నలభై ముగ్గురూ కొట్టారు. విజయేందర్ తలుపు తీసి తల లోపలికి పెట్టాడు.

"ఏందిది?"

"ప్రాక్టికల్ సార్," అన్నాడు అభిలాష్.

"మంచిది," అని విజయేందర్ తలుపు వేసుకున్నాడు.

10.15కి దివ్యశ్రీ బోర్డు దగ్గరకు వచ్చి పదో కోడు పై సగాలను బోర్డు మీద గీసింది. మొదటి అంకె తల గీతలా ఉంది. 5 కావచ్చు, 7 కావచ్చు అంది. రెండో దాని తల గుండ్రంగా ఉంది. అది 8 అని సగం క్లాసు, 9 అని సగం క్లాసు అరిచింది. ఒక్కో అంకెకు రెండు అనుమానాలే అనుకున్నా మొత్తం 256 రకాలు అవుతాయని దివ్యశ్రీ లెక్క కట్టింది. అవకాశం ఒక్కటే ఉంది.

10.25కి ఫౌజియా పంజాగుట్ట కంపెనీకి ఫోను చేసింది. అక్కడ ఉద్యోగాల వ్యవహారం చూసేది అరుణాదేవి. కాకినాడ మనిషి.

"ఏంటండీ ఫౌజియా గారూ, ఇంకా నొక్కలేదేంటి?"

ఫౌజియా పిండి బకెట్ నుంచి 67వ పేజీ దాకా చెప్పింది. అవతల నవ్వు ఆపుకుంటున్నట్టు ఊపిరి వినిపించింది.

"మేడం, నా పుట్టిన తేదీ అడగండి. ఇంటర్వ్యూలో ఏం మాట్లాడుకున్నామో అడగండి. ఆధార్ తీసుకుని పది నిమిషాల్లో మీ ముందుంటాను. నేను ఒప్పుకున్నానని రాసుకోండి, చాలు."

"గొంతు మీదిలాగే ఉందండి. కానీ ఫోన్లో కంగారు పడుతున్న మనిషి మాట విని దారి ఇచ్చేస్తే, మీకిచ్చిన ఉద్యోగం ఇంకెందుకండీ? ఇంటర్వ్యూలో మూడో ప్రశ్న ఇదే కదా. మీరేం చెప్పారు?"

"ఇవ్వకూడదని చెప్పాను."

"ఆ జవాబుకే కదండీ మిమ్మల్ని తీసుకున్నాం. ఆ మెయిల్ నుంచే రావాలి. పన్నెండు దాకా టైముంది. ఉంటానండి."

కోడ్ల అసలు కాగితం ఎక్కడుందో ఫౌజియాకు అప్పుడు గుర్తొచ్చింది. పది రోజుల కింద ఆమె ఆ కోడ్లను చేత్తో రాసుకుంది. కంప్యూటర్లో గాని, ఫోన్లో గాని ఉంచకూడదని రాసుకుంది. రాసింది నోట్సు రాసే కాగితం మీద, నోట్సు రాసే నల్ల పెన్నుతో. నాలుగు వీధుల అవతల ఐలయ్య దుకాణంలో ఒక జిరాక్స్ తీయించి, లామినేషన్ చేయించి తెచ్చుకుంది. జిరాక్స్ తెచ్చుకుంది గాని, అసలు కాగితం మెషిను అద్దం మీదే మర్చిపోయింది.

10.40కి ఆమె, దివ్యశ్రీ ఐలయ్య దుకాణం ముందు ఉన్నారు. అమీర్‌పేటలో మాస్టర్లు నోట్సు చేత్తో రాస్తారు. రాసిన కాగితాలు జిరాక్స్ దుకాణంలోనే ఉంటాయి. దుకాణాదారు వాటికి పేజీ నంబర్లు వేసి, ఫైలు కట్టి, పిల్లలు అడిగినప్పుడల్లా కాపీలు తీసి స్పైరల్ వేసి అమ్ముతాడు. ఆ ఫైలును మాస్టర్ కాపీ అంటారు. ఐలయ్య ఈ పని ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాడు.

"అన్నా, నా సొంత కోడ్ల కాగితం నోట్సుల ఎందుకు పెట్టినవ్?" అంది ఫౌజియా.

ఐలయ్య దుకాణంలో ఉన్న పుస్తకం తీసి 66వ పేజీ తెరిచాడు. "మీరే చూడుండ్రి మేడం. తొమ్మిదో చాప్టరు, బ్యాకప్ కోడ్లు. ఆఖరి లైను ఏమున్నది? 'ఉదాహరణ చూడుము.' కింద ఉదాహరణ ఏది?"

"అది బోర్డు మీద చెప్పనీకె ఇడిచిపెట్టిన."

"నాకేమెరుక? అద్దం మీద కాగితం దొరికింది. మీ రాత. మీ పెన్ను. నిండ కోడ్లే ఉన్నయ్. మేడం ఉదాహరణ పంపిందనుకొని 67 ఏసిన. పోరగాండ్లు సుత గీసారి నోట్సు మంచిగుందన్నరు."

"ఆఖరి కోడు సగమే పడ్డది అన్నా," అంది దివ్యశ్రీ.

"మా మెషిను కింద అర ఇంచు తింటది బిడ్డా. మేడంకు ఎరికే. నోట్సుల కింది లైను ఎప్పుడు ఖాళీ ఇడుస్తది. గీ కాగితానికే ఇడువలే."

"అది నోట్సు కాదన్నా!" అంది ఫౌజియా. "సరే. అసలు కాగితం ఇయ్యి."

"మాస్టర్ కాపీలు ఈడ పెట్ట మేడం. గీ గల్లీల మాస్టర్ కాపీ పెట్టుడంటే పిల్లిని పాలకు కావలి పెట్టినట్టే. ఒకరి నోట్సు ఇంకొకరు ఎత్కపోతరు. అన్ని పంజాగుట్ట దుకాణంల, మా ఇంటామె చంద్రమ్మ కాడ ఉంటయి."

ఒక చీటి రాసి, దుకాణం ముద్ర వేసి ఇచ్చాడు. "ఇది సూపియ్యుండ్రి. నేను ఫోను సుత చేస్త. అయినా..."

"అయినా?"

"చంద్రమ్మ గద మేడం," అని ఐలయ్య ఇంకో గిరాకీ వైపు తిరిగాడు.

11.02కి ఇద్దరూ అమీర్‌పేట మెట్రో మెట్లు పరుగున ఎక్కారు. పంజాగుట్ట ఒక్క స్టేషన్. రైల్లో నిలబడి ఊపిరి తీసుకుంటూ దివ్యశ్రీ అడిగింది.

"మేడం, నాకు మార్కులు?"

"దేనికి?"

"నాది ప్రాక్టికల్ కాలే గద. తొమ్మిది మందికి వేసి నాకు వెయ్యకపోతే..."

"దివ్యశ్రీ, నా ఖాతాల చొరబడినందుకు ఎవరికి మార్కులు లేవు."

"అయితే సరే మేడం. అందరికి ఒక్కటే న్యాయం ఉండాలె."

పంజాగుట్ట దుకాణం నిమ్స్ ఆసుపత్రి వైపు వెళ్లే గల్లీలో ఉంది. 11.14కి చేరారు. స్కానింగ్ రిపోర్టులు కాపీ తీయించుకోవడానికి ఆరుగురు నిలబడి ఉన్నారు. చంద్రమ్మ స్పైరల్ తీగ తిప్పుతోంది. చీటి తీసుకుని ముద్ర చూసింది. అంతలో ఆమె ఫోను మోగింది. ఐలయ్య. అతను చెప్పిందంతా విని, పెట్టేసింది.

"ఇయ్య," అంది.

"అన్న ఫోను చేసిండు గదమ్మా!" అంది ఫౌజియా.

"పోయిన నెల సుత చేసిండు. చంద్రా, జావా నోట్సు మాస్టర్ కాపీ ఇచ్చెయ్ అన్నడు. ఇచ్చిన. అది మా ఆయన కాదు. అచ్చం ఆయన గొంతుతోని మాట్లాడేటోళ్లు ఆ గల్లీల ఇద్దరున్నరంట. చీటి సుత గిట్లనే ఉండె. ముద్ర సుత గిట్లనే ఉండె."

"మరి నేనే ఫౌజియా అని ఎట్ల చెప్పాలె?"

"చెప్పుడు ఒద్దు బిడ్డా. రాయి."

లోపలి నుంచి ఫైలు తెచ్చి, తెరవకుండా ఒడిలో పెట్టుకుంది. ఒక కాగితం, నల్ల పెన్ను ఫౌజియా ముందు పెట్టింది. "నాకు ఇంగ్లీషు సదువ రాదు. రాత ఎరికైతది. పద్దెనిమిదేండ్ల సంది మాస్టర్ల రాతలే సూస్తున్న."

ఫౌజియా కూర్చుని రెండు లైన్లు రాసింది. చంద్రమ్మ ఫైలులో ఒక పేజీ తెరిచి పక్కన పెట్టి చూసింది.

"కలుస్తలేదు."

"ఉరికొచ్చిన అమ్మా. చెయ్యి ఒణుకుతున్నది."

"దొంగ రాత రాసేటోళ్లు గిట్లనే భద్రంగ గీస్తరు. ఇంకోసారి రాయి."

మళ్లీ రాసింది. రెండోది మొదటిదానికంటే అధ్వానంగా ఉందని చంద్రమ్మ చెప్పింది. స్కానింగ్ రిపోర్టు పట్టుకున్న ఒక పెద్దాయన కూడా చూసి అదే మాట అన్నాడు.

"మూడోసారి కలువకపోతే రేపు రా," అంది చంద్రమ్మ.

అప్పటికి 11.29. రేపు వస్తే కాగితం దొరుకుతుంది, ఉద్యోగం ఉండదు.

దివ్యశ్రీ ఫౌజియా చెవి దగ్గరకు వచ్చింది. "మేడం, మీరు కూసొని రాస్తున్నరు. నోట్సు ఎప్పుడన్న కూసొని రాసిన్రా? మీరు నిలవడి, మాట్లాడుకుంట రాస్తరు. క్లాసు చెప్పుండ్రి."

"ఈడనా?"

"ఈడనే."

కాగితాన్ని గోడకు టేపు పెట్టి అంటించారు. ఫౌజియా లేచి నిలబడింది. గొంతు సవరించుకుంది. రిపోర్టుల వాళ్లు ఆరుగురూ ఇటు తిరిగారు.

"బ్యాకప్ కోడు అంటే ఏంది? ఇంటికి మారు తాళంచెవి," అంటూ రాయడం మొదలుపెట్టింది. "మీరు ఎంత పెద్ద తాళమన్న వెయ్యుండ్రి. మారు తాళంచెవి గుమ్మం మీద పెడితే ఆ తాళం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. దొంగ తలుపు ఇరగ్గొట్టడు. గుమ్మం మీద చెయ్యి పెడతడు. అందుకని ఒకటి, ఈ కోడ్లను ఫోన్ల ఫోటో తీసి పెట్టొద్దు. ఫోను పోతే రెండూ పోతయి. రెండు, మెయిల్ల పెట్టొద్దు. పెట్టె తాళంచెవి ఆ పెట్టెలనే పెట్టినట్టు. మూడు, జిరాక్స్..."

ఆగింది.

"ఆపకు," అంది చంద్రమ్మ. ఆమె కళ్లు కాగితం మీదే ఉన్నాయి. "ఇప్పుడిప్పుడే కలుస్తున్నది."

"మూడు, జిరాక్స్ తీయించొద్దు," అని రాసింది ఫౌజియా.

దివ్యశ్రీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, బ్యాంకు యాప్‌కు సుత గివి ఉంటయా?" అని పెద్దాయన అడిగాడు.

ఫౌజియా వెనక్కి తిరగకుండా, రాస్తూనే జవాబు చెప్పింది. ఆయన ఇంకో ప్రశ్న అడిగాడు. పక్కనున్నావిడ, తన అల్లుడు పాస్‌వర్డ్ ఫ్రిజ్ మీద అంటించాడని చెప్పింది. ఫ్రిజ్ గురించి కూడా ఫౌజియా రెండు లైన్లు రాసింది. కాగితం కింది దాకా వచ్చి, చివరి లైను ఖాళీగా వదిలి ఆపింది.

చంద్రమ్మ లేచింది. గోడ మీది కాగితం ఊడదీసి, ఫైలు పక్కన పెట్టింది. ఆ చివరి ఖాళీ లైను మీద వేలు పెట్టింది.

"నువ్వే," అంది.

అప్పటికి 11.44. ఫైలు తెరిచి 67వ పేజీ బయటికి తీసింది. అసలు కాగితం. పదో కోడు కింది సగంతో సహా ఉంది.

దివ్యశ్రీ వంగి చూసింది. "మొదటిది ఏడు మేడం! నేను చెప్పలే? రెండోది..."

"చదవకు!" ఫౌజియా కాగితం మీద చెయ్యి పెట్టింది.

చంద్రమ్మ షట్టరు సగం దించింది. "అందరు అటు తిరుగుండ్రి," అంది. ఆరుగురూ గోడ వైపు తిరిగారు. పెద్దాయన కళ్లు కూడా మూసుకున్నాడు.

దుకాణం కంప్యూటర్లో ఎవరివో నాలుగు ఫైళ్లు తెరిచి ఉన్నాయి. ఫౌజియా దాన్ని ముట్టుకోలేదు. ఆమె దివ్యశ్రీ చేతిలోని ఫోను తీసుకుని, ఏం చూశారో గుర్తుంచుకోని ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, 11.49కి పాస్‌వర్డ్ కొట్టింది. తర్వాత ఎనిమిది అంకెలు కొట్టింది. కొట్టాక కాగితంతో రెండుసార్లు పోల్చి చూసింది. 11.51కి నొక్కింది.

మెయిల్ తెరుచుకుంది.

"అయిందా?" అన్నాడు పెద్దాయన, గోడ వైపే చూస్తూ.

"జర ఆగు తాతా," అంది దివ్యశ్రీ.

పైన పది హెచ్చరికలు ఉన్నాయి. పదింటిలోనూ ఒకే మాట ఉంది: కొత్త పరికరం నుంచి ఎవరో మీ ఖాతాలోకి వచ్చారు. అది మీరేనా? తొమ్మిదింటి సమయం 9.12కూ 9.38కీ మధ్య ఉంది. ఆ సమయంలో ఆమె ఫోను కాశిఫ్ బల్ల మీద మూత తీసి ఉంది. పదోదాని సమయం 11.51. వాటి కింద ఆఫర్ మెయిల్ ఉంది. 11.53కి ఫౌజియా అందులోని బటన్ నొక్కింది. ఒప్పుకున్నందుకు ధన్యవాదాలు అని వచ్చింది.

దివ్యశ్రీ గంతేసింది. ఆరుగురూ అనుమతి లేకుండానే ఇటు తిరిగారు. ఫ్రిజ్ అల్లుడి అత్తగారు ఫౌజియా బుగ్గలు పుణికి, ఏం ఉద్యోగమని అడిగింది.

తొమ్మిది హెచ్చరికలకు ఫౌజియా 'కాదు' అని నొక్కింది. పదోదానికి 'అవును' అని నొక్కింది. పాస్‌వర్డ్ మార్చింది. కొత్త బ్యాకప్ కోడ్లు తెప్పించుకుంది. పది. వాటిని ఒక కాగితం మీద చేత్తో రాసుకుంది.

చంద్రమ్మ మెషిను మూత ఎత్తింది. "జిరాక్సా బిడ్డా?"

"ఒద్దు!" అన్నారు ఎనిమిది మంది.

చంద్రమ్మ పాత కోడ్ల కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ఫౌజియాకు ఇచ్చింది. ఫైలులో 67 లేకపోతే పేజీలు తప్పుతాయంది. గోడ మీది నుంచి తీసిన కాగితానికి మూలన 67 అని వేసి ఫైలులో పెట్టింది.

11.58కి బటన్ల ఫోను మోగింది. విజయేందర్.

"అభిలాష్ చెప్పిండు," అన్నాడు. "మూడు రోజులు నా గదిల కూసొని టీ తాగినవ్. ఒక్క మాట చెప్పకపోతివి."

"చెప్దామనే వచ్చిన సార్."

"ఎరికే. ఒట్టిగ టీ తాగనీకె మూడుసార్లు ఎవరొస్తరు నా దగ్గరికి? సాయంత్రం రా. ఇయ్యాల టీ కాదు, బిర్యానీ." ఆగాడు. "బటన్ నొక్కినవా?"

"నొక్కిన సార్."

12.02కి అరుణాదేవి నుంచి మెయిల్ వచ్చింది. ఒప్పుకోలు 11.53కి అందిందని, ఒకటో తేదీ ఉదయం 9.30కి పంజాగుట్ట ఆఫీసులో చేరాలని అందులో ఉంది. వచ్చేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ, వాటి జిరాక్స్ కాపీలు రెండేసి సెట్లు తీసుకురావాలని ఉంది.